'పాత డొమైన్ ఉంది సార్' అని తెలుగులో ఫోన్ వస్తే, డబ్బు కట్టకముందు ఇది చదవండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు చిన్న వ్యాపారం చేసుకుంటూ వెబ్‌సైట్ పెడదామనుకుంటున్న మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. పాత డొమైన్, అంటే ఇదివరకు వేరేవాళ్ళు వాడిన వెబ్‌సైట్ పేరు, కొంటే గూగుల్‌లో వెంటనే పైకి వస్తారని చెప్పి అమ్మేవాళ్ళు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నారు. నేను 42,000 రూపాయలు పోగొట్టుకున్నాను. పేర్లు చెప్పను, కంప్లయింట్ నడుస్తోంది. కానీ ఎలా మోసపోయానో మొత్తం చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మా పిన్నిది బరంపురంలో పచ్చళ్ళు, అప్పడాల వ్యాపారం. ఇంట్లోనే నలుగురు ఆడవాళ్ళతో చేయిస్తుంది. ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, వైజాగ్ దాకా వాట్సాప్ ఆర్డర్లు ఉన్నాయి, హైదరాబాద్‌లో ఉన్న మనవాళ్ళు కూడా తెప్పించుకుంటారు. ఈ ఏడాది ఆవకాయ సీజన్‌కి వెబ్‌సైట్ ఉండాలని నేనే పట్టుబట్టాను. గ్రూపులో ఒక మాట అడిగానో లేదో ఫిబ్రవరిలో ఫోన్ వచ్చింది. అవతల మనిషి శుభ్రమైన తెలుగు. "మనం మనం తెలుగువాళ్ళం అన్నా, వేరేవాళ్ళకైతే 60 వేలు చెప్పేవాణ్ణి" అన్నాడు. ఇక్కడ పొద్దుట లేచింది మొదలు బజార్లో, బ్యాంకులో, ఆఫీసులో ఒడియా మాట్లాడి ఇంటికొచ్చే మనకి, ఫోన్‌లో ఎవరైనా తెలుగులో 'అన్నా' అంటే చాలు, సగం లెక్కలు మర్చిపోతాం. నేనూ మర్చిపోయాను.

అతను చెప్పిందేమిటంటే, కొత్త డొమైన్ కొంటే గూగుల్ దాన్ని ఎనిమిది నెలలు, ఏడాది పక్కన కూర్చోబెడుతుంది, దాన్నే శాండ్‌బాక్స్ అంటారు, అదే 14 ఏళ్ళ పాత డొమైన్ అయితే గూగుల్‌కి నమ్మకం, పెట్టిన నెలకే మొదటి పేజీ. దానికి తోడు డొమైన్ అథారిటీ (సైట్‌కి వేసే ఒక మార్కు) 34 అని ఒక స్క్రీన్‌షాట్ పంపాడు, 2011 నాటి సైట్ బొమ్మ ఇంకొకటి. పాతికవేలు అడ్వాన్స్, ట్రాన్స్‌ఫర్ అయ్యాక మిగతా 17 వేలు, రెండూ యూపీఐలోనే. బిల్లు అడిగితే "జీఎస్టీ కలిపితే 18 శాతం మీకే భారం అన్నా" అన్నాడు, నేను సరేలే అనుకున్నాను. ఆ డబ్బు పిన్ని కొత్త గ్రైండర్ కోసం దాచుకున్నది. ఇది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

ట్రాన్స్‌ఫర్ అయితే చేశాడు, అందులో అబద్ధం లేదు. మార్చిలో సైట్ పెట్టాం. ఏప్రిల్ అయింది, మే అయింది. గూగుల్‌లో పిన్ని వ్యాపారం పేరు మొత్తం కొట్టినా మా సైట్ రాదు. ఫోన్ చేస్తే "60 రోజుల లాక్ ఉంటుంది అన్నా, అది తీరాక ర్యాంక్ వదులుతారు" అన్నాడు. 60 రోజుల లాక్ నిజంగానే ఉంది. కానీ అది డొమైన్‌ని ఒక రిజిస్ట్రేషన్ కంపెనీ నుంచి తెచ్చుకున్నాక వెంటనే ఇంకో కంపెనీకి మార్చకుండా పెట్టే నిబంధన. దానికీ గూగుల్ ర్యాంకుకీ ఏ సంబంధమూ లేదు. నిజంలోంచి ఒక ముక్క విరిచి అబద్ధంలో అతికించడం వాళ్ళకి వెన్నతో పెట్టిన విద్య.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా ఇచ్చేది ఒకటుంది, సైట్ మనదే అని డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ సెట్టింగుల్లో, చిన్న రికార్డు పెట్టి నిరూపించుకుంటే గూగుల్ మన సైట్‌ని ఎలా చూస్తోందో అందులో కనిపిస్తుంది. మొదటి రోజే చేయాల్సింది. నేను ఆగస్టులో చేశాను, అప్పటికి మామిడికాయ సీజన్ అయిపోయింది. తెరవగానే మాన్యువల్ యాక్షన్స్ అనే చోట 'ప్యూర్ స్పామ్' అని ఉంది. అంటే కంప్యూటర్ లెక్కలో వెనకబడటం కాదు, గూగుల్‌లో మనిషే చూసి ఈ సైట్ పనికిరాదని పక్కకి నెట్టేశాడన్నమాట. అదీ ఎప్పుడో పాత యజమాని చేసినదానికి. డొమైన్ చేతులు మారినా ఆ శిక్ష దానంతటదే పోదు. కింద మేము ఎప్పుడూ పెట్టని పేజీల అడ్రసులు వేలల్లో ఉన్నాయి, అన్నీ దొరకని పేజీలే. కొన్ని జపాన్ అక్షరాల్లో ఉన్నాయి.

అప్పుడు కూర్చుని, పాత సైట్ల బొమ్మలు తేదీల వారీగా దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో ఆ డొమైన్ చరిత్ర తిప్పి చూశాను. 2011 నుంచి 2015 దాకా ఎక్కడో విదేశంలో ఒక యోగా బడి సైట్, పాపం నిజమైనదే. 2016లో ఖాళీ. 2017 నుంచి ఇండోనేషియా భాషలో జూదం. 2019లో జపాన్ భాషలో బూట్ల అమ్మకం. తర్వాత ఏమీ లేదు. తర్వాత మా పిన్ని మాగాయ.

ఇంకో దెబ్బ. ఏ డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూపించే హూ ఈజ్‌లో చూస్తే, అంటే ఇప్పుడు దాని బదులు వచ్చిన ఆర్‌డాప్‌లో చూస్తే, ఆ పేరు రిజిస్టర్ అయిన తేదీ 2021 మార్చి! 14 ఏళ్ళు అన్నది వేబ్యాక్ మెషీన్‌లో దొరికిన మొట్టమొదటి బొమ్మ తేదీని బట్టి చెప్పింది. ఆ పేరు మధ్యలో ఎవరూ రెన్యూ చేయక పూర్తిగా జారిపోయింది, 2021లో ఎవరో కొత్తగా ఎత్తుకున్నారు. అలా జారిపోయి మళ్ళీ రిజిస్టర్ అయితే పుట్టిన తేదీ మళ్ళీ మొదటి నుంచి లెక్క. అంటే వయసు పేరు చెప్పి అమ్మినవాడు ఆ వయసు కూడా ఇవ్వలేదు. పాపం మాత్రం పాతది మొత్తం ఇచ్చాడు.

పిన్నికి చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "ఏటిరా, ఎండుచేపలు ఊరబెట్టిన జాడీ పాతదని కొనుక్కొచ్చి అందులో ఆవకాయ పెట్టమంటావేటి" అంది. నేను ఇంత పొడుగు రాస్తున్నది ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది.

సరే, అసలు డొమైన్ వయసుకి గూగుల్ ఎంత విలువ ఇస్తుంది అన్నది కూడా అప్పుడు తవ్వి చూశాను, కొనకముందు చూసి ఉంటే బాగుండేది. గూగుల్‌లో పనిచేసే జాన్ మ్యూలర్ 2019లో ట్విట్టర్‌లో ఒకరికి జవాబిస్తూ డొమైన్ వయసు వల్ల ఏ ఉపయోగమూ లేదని సూటిగా చెప్పాడు. అంతకుముందు 2010లో మ్యాట్ కట్స్, అప్పట్లో గూగుల్ స్పామ్ టీమ్ పెద్ద, ఆర్నెల్ల డొమైన్‌కీ ఏడాది డొమైన్‌కీ చెప్పుకోదగ్గ తేడా లేదన్నాడు. మరి ఈ వయసు గోల ఎక్కణ్ణుంచి పుట్టింది? గూగుల్ 2003లో దాఖలు చేసిన ఒక పేటెంట్‌లో పేజీల చరిత్రని, డొమైన్ ఎన్నేళ్ళకి కట్టారు అన్నదాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు అని రాసుకున్నారు. తీసుకోవచ్చు అన్నమాటే, తీసుకుంటున్నాం అని కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ పేటెంట్ పట్టుకునే వ్యాపారం నడుస్తోంది. 2024 మేలో గూగుల్ లోపలి డాక్యుమెంట్లు కొన్ని బయటపడ్డాయి, అందులో 'హోస్ట్ ఏజ్' అనే మాట ఉంది, నాకు అమ్మినవాడు అదే చూపించాడు కూడా. కానీ అక్కడ రాసింది చదివితే, ఆ సైట్ పేజీలు గూగుల్ కంట మొదట ఎప్పుడు పడ్డాయో ఆ తేదీ అని, అప్పుడే పుట్టుకొచ్చే స్పామ్‌ని ఆపడానికని ఉంది. పాతవాళ్ళకి బహుమతి ఇస్తామని ఎక్కడా లేదు.

పాత సైట్లు పైన ఉంటాయి, నిజమే, ఎందుకు ఉండవు. పదేళ్ళు రాసుకుంటూ వచ్చారు, పదిమంది వాళ్ళకి లింకులు ఇచ్చారు, జనం పేరు గుర్తుపెట్టుకుని వెతుకుతున్నారు. ఆ పదేళ్ళ పని పైకి తెచ్చింది, క్యాలెండర్ తేలేదు. ప్రపంచంలో మొట్టమొదట రిజిస్టర్ అయిన డాట్ కామ్ పేరు సింబాలిక్స్, 1985 మార్చి 15న. వయసుకే ర్యాంక్ ఉంటే మీరు ఏం వెతికినా ముందు అదే రావాలి. ఎప్పుడైనా వచ్చిందా?

పైగా 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నిబంధనలు కొత్తగా రాసింది. అందులో కాలం తీరిన డొమైన్ కొని, దాని పాత పేరుతో ర్యాంకు కొట్టేద్దామని పనికిమాలిన సరుకు నింపడం స్పామ్ కిందికే వస్తుందని స్పష్టంగా పెట్టారు. పచ్చళ్ళు అమ్ముకునే మనం ఆ కోవలోకి రాకపోవచ్చు, కానీ 'పాత పేరు మీద ర్యాంకు' అని మనకి అమ్ముతున్నదే గూగుల్ వద్దని కూర్చున్న పని. ఇక ఆ డొమైన్ అథారిటీ 34 సంగతి. అది మోజ్ అనే వేరే కంపెనీ తన లెక్కతో వేసే మార్కు, నూటికి. గూగుల్ దాన్ని వాడదు. చెత్త సైట్ల నుంచి లింకులు కొని ఆ మార్కు పెంచేవాళ్ళు ఉన్నారు. మా డొమైన్‌కి వచ్చిన లింకుల్లో ముప్పాతిక జూదం సైట్లవే.

అమ్మినవాణ్ణి నిలదీస్తే మొదట "ఏజ్ అడిగారు, ఏజ్ ఇచ్చాను, ర్యాంక్ మీ కంటెంట్‌ని బట్టి" అన్నాడు. తెలుగు అప్పటికి మీరులోకి, సార్‌లోకి మారింది. హూ ఈజ్ తేదీ పంపేసరికి బ్లాక్ చేశాడు. తర్వాత తెలిసింది, పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు అమ్ముకునే ఒకాయనకి, రాయగడలో లాడ్జి నడిపే ఇంకొకాయనకి ఇలాగే, ఇదే 'మనం మనం' పాటే. లాడ్జి ఆయన 55 వేలు కట్టాడట.

ఎవరైనా పాత డొమైన్ చూపిస్తే ముందు హూ ఈజ్‌లో పుట్టిన తేదీ మీరే చూడండి, వాళ్ళు పంపే స్క్రీన్‌షాట్ చూడొద్దు. డాట్ ఇన్ పేరు 1999 నాటిది అని ఎవరైనా అంటే గట్టిగా అనుమానించండి, ఆ పేర్లు జనానికి ధారాళంగా తెరిచింది 2005లో. తర్వాత వేబ్యాక్ మెషీన్‌లో ప్రతి ఏడాదీ కనీసం రెండు మూడు తేదీలు నొక్కి చూడండి, మొదటిదీ చివరిదీ చూసి ఆపేయకండి, పాపాలన్నీ మధ్యలోనే ఉంటాయి. గూగుల్‌లో సైట్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా డొమైన్ పేరు రాస్తే గూగుల్ దగ్గర ఉన్న పేజీలు వస్తాయి. ఏళ్ళ తరబడి నడిచిన సైట్‌కి ఒక్క పేజీ కూడా రాకపోతే, లేదా అర్థంకాని భాషలో వస్తే, అక్కడితో ఆగిపోండి. అన్నిటికంటే గట్టి పరీక్ష ఇంకోటి: సెర్చ్ కన్సోల్‌లో మిమ్మల్ని యూజర్‌గా చేర్చమనండి, డబ్బు కట్టకముందే. మాన్యువల్ యాక్షన్స్, సెక్యూరిటీ ఇష్యూస్ రెండూ మీ కళ్ళతో చూడండి. నిజాయితీగా అమ్మేవాడికి అది రెండు నిమిషాల పని. సాకులు చెప్తే మీకు జవాబు దొరికినట్టే. ఈమెయిల్ సంగతి కూడా ఎవరూ ముందు చెప్పరు, ఆ డొమైన్ పేరు మీద పాతవాళ్ళు స్పామ్ మెయిళ్ళు పంపి ఉంటే బ్లాక్‌లిస్టులో ఉంటుంది, మా ఆర్డర్ మెయిళ్ళు ఇందుకే జనాల స్పామ్ ఫోల్డర్లో పడ్డాయి. డబ్బు మాత్రం ఎస్క్రో ద్వారానే, అంటే డొమైన్ మన చేతికొచ్చేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉండేలా, బిల్లు తీసుకునే. నేరుగా యూపీఐ కొడితే నాలా అవుతుంది.

ఇప్పటికే మోసపోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎంత ముందు చేస్తే అంత మేలు, నేను ఆర్నెల్ల తర్వాత చేశాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేశాను. చాట్లు, స్క్రీన్‌షాట్లు, యూపీఐ నంబర్లు ఏవీ చెరిపేయొద్దు.

గూగుల్‌కి, యజమాని మారాడు అని రాసి శిక్ష తీసేయమని కోరాను. మొదటిసారి కుదరదన్నారు, రెండోసారి ఎత్తేశారు. ఎత్తేశాక ఏమైనా పైకొచ్చిందా? ఎక్కడున్నది అక్కడే. ఫోన్‌లో పిన్ని ఆ సైట్ పేరు చెప్తే జనానికి అది ఏ భాషో కూడా తెలిసేది కాదు. చివరికి ఏడొందలు పెట్టి పిన్ని వ్యాపారం పేరుతోనే కొత్త డాట్ ఇన్ తీసుకున్నాం. గూగుల్ మ్యాప్స్‌లో ఇంటి అడ్రసుతో వ్యాపారాన్ని ఉచితంగా పెట్టాం, ఫొటోలు పెట్టాం, పాత కస్టమర్లని రివ్యూ రాయమన్నాం. ఆరు వారాలకి మా పేరు కొడితే మా సైటే ముందు వస్తోంది. బరంపురం అప్పడాలు అని కొడితే రెండో పేజీలో ఉన్నాం, ఇంకా చాలా పని ఉంది.

ఆ పాత డొమైన్ గడువు వచ్చే మార్చికి తీరుతుంది, నేను రెన్యూ చేయడం లేదు. డాట్ కామ్ పేరు గడువు తీరిన రోజే పోదు. కంపెనీని బట్టి 45 రోజుల దాకా అట్టే పెడతారు, తర్వాత యజమాని వెనక్కి తీసుకోవడానికి 30 రోజులు, తీసేసే ముందు ఇంకో 5 రోజులు, అప్పుడు జారిపోతుంది. ఆ వెంటనే ఎవడో ఎత్తుకుంటాడు, 2011 నాటిదని మళ్ళీ అమ్మకానికి పెడతాడు. కాబట్టి వచ్చే ఏడాది మీకెవరైనా 15 ఏళ్ళ పాత డొమైన్, ఫుడ్ బిజినెస్ హిస్టరీ కూడా ఉంది అన్నా అని స్క్రీన్‌షాట్ పంపితే, అందులో ఎర్ర మూత జాడీలో మాగాయ కనిపిస్తే, అది మా పిన్నిదే.