ప్లికర్స్ కార్డులు: లెక్కల తరగతిలో కొన్నేళ్ల వాడకం తర్వాత

తెలంగాణలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతూ, పిల్లలకు ఏది వచ్చిందో ఏది రాలేదో ఏ రోజుకారోజు తెలుసుకోవడానికి ప్లికర్స్‌ను, అంటే కాగితపు కార్డులతో, ఉపాధ్యాయుడి ఫోన్‌లోని యాప్‌తో నడిచే ఉపకరణాన్ని, కొన్ని విద్యా సంవత్సరాలుగా వాడుతున్నాను. పిల్లల చేతికి ఫోన్లు, ట్యాబ్‌లు అక్కర్లేకపోవడమే దీన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం. ఒక్కో విద్యార్థికి ఒక అంకె ఉన్న కాగితపు కార్డు ఇస్తాం. దాని మీద క్యూఆర్ కోడ్‌ను పోలిన నల్లని గుర్తు, దాని నాలుగు వైపులా చిన్న అక్షరాలతో ఎ, బి, సి, డి ఉంటాయి. తాను ఎంచుకున్న జవాబు అక్షరం పైకి వచ్చేలా విద్యార్థి కార్డు పట్టుకుంటే, ఉపాధ్యాయుడు తన ఫోన్ కెమెరాను తరగతి మీదుగా ఒకసారి తిప్పగానే ఎవరు ఏ జవాబు చూపించారో తెర మీద పడుతుంది. ప్రతి కార్డు మీద గుర్తు వేరుగా ఉండడం, అక్షరాలు మరీ చిన్నవి కావడం వల్ల పక్కవాడి కార్డు చూసి జవాబు పట్టుకోవడం కుదరదు. దీన్ని తయారుచేసినది అమెరికాలో లెక్కలు చెప్పిన ఒక ఉపాధ్యాయుడే అని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. వెనక బెంచీని ఎరిగినవాళ్లకే తట్టే ఉపాయం ఇది.

మామూలుగా "అర్థమైందా?" అని అడిగితే తరగతి మొత్తం "అయింది సార్" అంటుంది, లేదా చెయ్యెత్తే నలుగురైదుగురే ఎప్పుడూ చెయ్యెత్తుతారు. కార్డులతో ఆ అవకాశం ఉండదు, అందరూ ఏదో ఒక జవాబుకు కట్టుబడాల్సిందే. అయితే ఇన్నేళ్ల వాడకంలో నాకు తెలిసిందేమిటంటే, ఎంతమంది సరైన జవాబు చూపారన్న లెక్క కంటే, తప్పు చూపినవాళ్లు ఏ తప్పును ఎంచుకున్నారన్న సమాచారమే ఎక్కువ విలువైనది. అది దక్కాలంటే ప్రశ్నలోని తప్పు జవాబులు ఏవో తోచిన అంకెలుగా కాక, పిల్లల ఆలోచనల్లోంచి వచ్చినవై ఉండాలి.

ఉదాహరణకు దశాంశ భిన్నాల పాఠంలో 0.35, 0.8, 0.125, 0.62 ఇచ్చి వీటిలో పెద్దది ఏదని అడుగుతాను. పాయింటు తర్వాతి అంకెలను పూర్ణ సంఖ్యల్లాగా చదివే పిల్లలు 125ను చూసి 0.125 పట్టుకుంటారు, వాళ్లెవరో వెంటనే తెలిసిపోతుంది. ఇక్కడితో ఆగితే 0.8 చూపినవాళ్లందరికీ పాఠం వచ్చినట్టే కనిపిస్తుంది. కానీ రెండో ప్రశ్నగా 0.4, 0.45, 0.3, 0.425 ఇచ్చినప్పుడు, ఇందాక సరైన జవాబు చెప్పినవాళ్లలో కొందరు 0.4 చూపుతారు. అలా చూపిన ఒక అమ్మాయిని కారణం అడిగితే, "పదో వంతు కంటే వందో వంతు చిన్నది కదా సార్, అందుకే పాయింటు తర్వాత అంకెలు పెరిగితే సంఖ్య చిన్నదవుతుంది" అంది. ఆమె చెప్పిన మొదటి మాట నిజమే, దాని నుంచి తీసిన నిర్ణయమే పొరపాటు. ఆమె మొదటి జవాబు సరైనదే అయినా దాని వెనక ఉన్న ఆలోచన సరైనది కాదు. ఈ సంగతిని ప్లికర్స్ తనంత తాను చెప్పదు. రెండు ప్రశ్నల జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసి, ఆ తర్వాత పిల్లను పలకరించినప్పుడే బయటపడుతుంది. దాని స్కోర్‌షీట్‌లో శాతాలను మాత్రమే చూసి తృప్తి పడేవారికి ఈ ఉపకరణం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదని నా అభిప్రాయం.

వాడకంలో గమనించాల్సిన చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. కార్డులను నిగనిగలాడే లామినేషన్ చేయిస్తే కిటికీ వెలుతురు వాటి మీద పడి కెమెరా గుర్తును చదవలేదు; మందపాటి కాగితం మీద ప్రింటు తీసి అట్టకు అతికించడమే మేలు. వేళ్లు గుర్తును కప్పకుండా అంచుల దగ్గర పట్టుకోవడం మొదటి వారంలోనే నేర్పాలి. మామూలు సెట్‌లో 40 కార్డులు ఉంటాయి, అంతకు మించిన సెక్షన్లకు 63 కార్డుల సెట్ కూడా దొరుకుతుంది. ఉచిత ఖాతాలో ఒక్కో ప్రశ్నల సెట్‌లో ఐదు ప్రశ్నలే పెట్టుకోగలం; పీరియడ్ చివర్లో రెండు మూడు ప్రశ్నలు అడిగే నాకు అది లోటు అనిపించలేదు. ప్రశ్నలను యూనికోడ్ తెలుగులో నేరుగా టైపు చేసుకోవచ్చు. ప్రొజెక్టర్ లేకపోతే నల్లబల్ల మీద ప్రశ్న రాసినా పని జరుగుతుంది.

ఇది చూడలేనివి మాత్రం చాలానే ఉన్నాయి. మన గణిత పాఠ్యపుస్తకాలు చెప్పే విద్యా ప్రమాణాల్లో సమస్యా సాధన, కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, దృశ్యీకరణ అని ఐదు ఉన్నాయి. నాలుగు జవాబుల ప్రశ్న మొదటిదాన్ని కొంతవరకు అందుకుంటుందేమో గానీ, ఒక పిల్లవాడు త్రిభుజాల సర్వసమానత్వాన్ని ఎలా నిరూపించాడో, తోటివాడికి ఎలా వివరించాడో అది పట్టుకోలేదు. అందుకే దీనికి తోడుగా గూగుల్ షీట్స్‌లో ఒక పట్టిక నడుపుతున్నాను. అడ్డంగా ఒక్కో విద్యార్థికి ఒక వరుస, నిలువుగా ఒక్కో ప్రమాణానికి ఒక గడి. తరగతిలో తిరుగుతున్నప్పుడు కంటపడినది ఒక్క వాక్యంలో అక్కడికక్కడే రాసుకుంటాను. "భిన్నానికి బొమ్మ సరిగ్గా గీశాడు, సంఖ్యగా రాయమంటే హారం, లవం తారుమారు చేశాడు" అన్న ఒక్క వాక్యం మరుసటి రోజు ఏం చెప్పాలో నాకు నిర్ణయిస్తుంది. రోజుకు నలుగురైదుగురి గురించి మాత్రమే రాయడం, ఎవరి గడి చాలాకాలంగా ఖాళీగా ఉందో చూసి మర్నాడు వాళ్ల దగ్గర కూర్చోవడం అలవాటు చేసుకుంటే ఈ పని భారమనిపించదు. అల్లరీ చేయక, అడగనూ అడగక మధ్య వరుసల్లో కూర్చునే పిల్లలు ఉపాధ్యాయుడి చూపు నుంచి ఎంత సులువుగా తప్పిపోతారో ఆ ఖాళీ గడులే చూపిస్తాయి.

ప్రవర్తనకు పాయింట్లు ఇచ్చే క్లాస్‌డోజో వంటివాటి జోలికి నేను పోలేదు. వాటి పని వేరు.

ఇంత చేసినా శాఖాపరంగా ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సింది మళ్లీ మార్కులే. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (పాఠాలు సాగుతుండగానే చేసే మదింపులో) భాగస్వామ్యం–ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష ఒక్కోదానికి ఐదు చొప్పున 20 మార్కులు వేస్తాం. దశాంశాల గురించి ఆ అమ్మాయి చెప్పిన కారణానికి అక్కడ చోటు లేదు. కాబట్టి ప్లికర్స్ వల్ల రాతపని తగ్గుతుందని ఎవరైనా ఆశపడితే అది తీరదు. పాఠం వెనక్కి వెళ్లి మళ్లీ చెప్పాలా, ముందుకు సాగాలా అన్నది ఆ పీరియడ్‌లోనే తేల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

పిల్లల వివరాల విషయంలో జాగ్రత్త అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగానే పరిగణిస్తుంది. నేను ప్లికర్స్‌లో రోల్ నంబర్లు మాత్రమే పెట్టి, పేర్లను నా దగ్గరి రిజిస్టరులోనే ఉంచుకుంటాను. పట్టికను తరగతి మారేటప్పుడు పై తరగతి ఉపాధ్యాయుడికి ఇస్తాను గానీ, ఇంటి పరిస్థితుల గురించి రాసుకున్న వాక్యాలు ఏవైనా ఉంటే వాటిని ముందే తీసేస్తాను.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు, సైన్సు చెప్పేవారికి దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. పదో తరగతికి వచ్చేసరికి నేనే దాన్ని చాలా తక్కువగా తీస్తున్నాను, ఎందుకంటే అక్కడ నిరూపణలో మూడో మెట్టు దగ్గర ఎందుకు ఆగిపోయాడన్నది పిల్లవాడి నోట్‌బుక్ చూస్తేనే తెలుస్తుంది.