బాతులా కోళ్లా: ఐదేళ్ల తర్వాత నా గొడవంతా నీళ్ల గురించే

మొదటి ఏడాదిలో నన్నెవరు అడిగినా, కోళ్లు మానేసి బాతులు తెచ్చుకోండి అని మరో ఆలోచన లేకుండా చెప్పేసేదాన్ని. ఇద్దరు నా మాట విని తెచ్చుకున్నారు కూడా, వాళ్లలో ఒకరు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటారు. కారణం నీళ్లు. అందుకే ఏ జాతి ఎన్ని గుడ్లు పెడుతుంది, గూడు ఎంత వెడల్పుండాలి లాంటివి వదిలేసి నీళ్ల సంగతే రాస్తాను, మిగతావి ఎక్కడైనా దొరుకుతాయి.

మా పెరట్లో ఆరు కోళ్లు ముందునుంచీ ఉన్నాయి. ఐదేళ్ల కిందట వాటికి తోడు నాలుగు ఖాకీ క్యాంప్‌బెల్ బాతులు వచ్చాయి, మూడు ఆడవి, ఒకటి మగది. (మూడింటికి ఒక మగబాతు అంటే ఎక్కువే, నాలుగైదు ఆడవాటికి ఒకటి ఉండాలని వాటి మెడల వెనక ఈకలు ఊడాక తెలిసింది.) ఇన్నాళ్లూ నేను చేసిన తప్పులన్నిటికీ మూలం ఒకటే, బాతంటే కాస్త పెద్ద కోడి అనుకోవడం.

కోడి ఎలా తాగుతుంది? ముక్కు తడుపుతుంది, తల పైకెత్తి మింగుతుంది, వెళ్లిపోతుంది. బాతు అలా కాదు. నోటి నిండా దాణా పట్టుకుని తొట్టి దగ్గరికి పరుగెడుతుంది, ముక్కు ముంచి చప్పరిస్తుంది, అందులో సగం నీళ్లపాలు, మళ్లీ అదే తడి ముక్కుతో దాణా గిన్నెలోకి, ఇక ఆ గిన్నెలో మిగిలేది జావ. పొద్దున్నే పోసిన నీళ్లు పావుగంటకే బురద రంగులోకి వస్తాయి. తొట్టి చుట్టూ నేల తడిసిందంటే అక్కడ ముక్కు గుచ్చి గుచ్చి గుంట చేస్తాయి, ఆ గుంటలో నీళ్లు నిలిస్తే వాటికి పండగే. కోళ్లలా కాళ్లతో గీకవు, మొక్కలకు మంచిది అని అందరికీ చెప్పాను, నిజమే, గీకవు, తవ్వుతాయి. ఇక రెట్ట సంగతి. కోడిది ఎండాక పారతో గీసి పారేయొచ్చు, బాతుది నీళ్లే నీళ్లు, మొదటి వానాకాలం రెండిటినీ ఒకే గూట్లో ఉంచితే కింద పరిచిన పొట్టంతా తడిసి, తలుపు తీయగానే కళ్లు మండేంత ఘాటు వచ్చేది. పైన దండెం మీద పడుకున్న కోళ్లు కింద పడుకున్న బాతుల మీదే రెట్ట వేసేవి, అది వేరే బాధ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ బాతులున్న ఇంట్లో రెండూ రోజూ చేయాల్సిందే.

మూడో ఏడు వానాకాలానికి నాకు ఓపిక పూర్తిగా అయిపోయింది. పెద్ద తొట్టి తీసి అటక మీద పడేసి, కోళ్లకు వాడే బోర్లించిన డబ్బా ఒకటి బాతులకూ పెట్టాను, చుట్టూ సన్నటి గాడిలో నీళ్లు నిలిచే రకం. ముక్కు కొస తప్ప ఇంకేమీ మునగదు. రెండు రోజులు దాని చుట్టూ తిరిగి అరిచాయి, తర్వాత అలవాటు పడ్డాయి. అనుకున్నాను. పెరడు ఎండింది, చెప్పులకు బురద లేదు, వారం పది రోజులు ఇంట్లో అందరి దగ్గరా నా తెలివిని నేనే పొగుడుకున్నాను.

ఆ తర్వాత బుడుంగు (నాలుగింటిలో చిన్నది, ఎప్పుడూ నీళ్లలో తలే ఉండేది కాబట్టి ఆ పేరు) ఎడమ కంటి మూల సబ్బు నురగలా బుడగలు కనబడ్డాయి. మర్నాటికి కన్ను పుసి కట్టి రెప్పలు అతుక్కుపోయాయి, కంటి కింద ఈకలు తడిగా జిగటగా చెంపకు అంటుకున్నాయి, ముక్కు రంధ్రాల్లో ఎండిన దాణా ముద్ద. అంటువ్యాధేమో, కోళ్లకూ వస్తుందేమో అని టెన్షన్ పడి దాన్ని తెచ్చి వసారాలో గంప కింద మూశాను. అది ఇంకో పొరపాటు. బాతు ఒంటరిగా ఉండలేదు. రాత్రంతా అది ఇక్కణ్ణుంచి అరుస్తుంటే మిగతా మూడూ గూట్లోంచి జవాబిచ్చాయి, కోళ్లు మాత్రం ఏమీ పట్టనట్టు పడుకున్నాయి, ఆ రాత్రి కోళ్ల మీద నాకు పుట్టిన గౌరవం ఇంకా తగ్గలేదు. తెల్లారేసరికి ఇంకో దాని కంట్లోనూ నురగ.

బుడుంగును అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన కన్ను కడిగి చూసి, ఛాతీ దగ్గర స్టెతస్కోప్ పెట్టి విని, నీళ్లు ఎలా పెడుతున్నారు అని అడిగారు. నేను కాస్త గర్వంగానే డబ్బా సంగతి, బురద తగ్గిన సంగతీ చెప్పాను. మరి తల ముంచుకోవడానికి ఏముందమ్మా అన్నారు. ఏమీ లేదు. తల పూర్తిగా నీళ్లలో ముంచి విదిలించుకోవడమే బాతు మొహం కడుక్కోవడమట, ఆ వీలు లేకపోతే కళ్లలో దుమ్ము, ముక్కులో దాణా పేరుకుని ఇలా అవుతుందట, ఈదడానికి చెరువు లేకపోయినా బతుకుతాయి గానీ తల మునిగే లోతు మాత్రం రోజూ ఉండాలట. చుక్కల మందు రాసిచ్చి, ముందు బకెట్ పెట్టండి అన్నారు.

ఇంటికి రాగానే బకెట్ నింపి దాని ముందు పెట్టాను. ఒక కన్ను మూసుకుపోయి ఉంది కదా, ముందు మెడ వంచి ఆ మంచి కంటితో నీళ్లను కాసేపు చూసింది. తర్వాత మెడ దాకా ముంచేసింది. పైకి తీసి విదిలించింది, నా చీరంతా నీళ్లు, మళ్లీ ముంచింది. నేను పక్కనే కూర్చుని లెక్కపెట్టాను, పదకొండుసార్లు. ఏడో ఎనిమిదోసారి ముక్కు రంధ్రం లోంచి గోధుమరంగు ముద్ద ఒకటి మెత్తబడి జారింది, అది ఒక్కసారి గట్టిగా చీదింది. మూడో రోజుకి కన్ను సగం తెరిచింది, వారానికి మామూలైంది. మందు వల్లా నీళ్ల వల్లా అంటే నేను తేల్చలేను, కానీ రెండోదానికి నేను చుక్కలు వేయకముందే తగ్గింది. అటకెక్కిన తొట్టి కిందికి దిగింది.

అప్పట్నుంచి నీళ్లు తగ్గించడం మానేసి నీళ్లు పోయే దారి చూసుకున్నాను. ఒక మూల గుంట తీసి కంకర నింపి, పైన గట్టి ఇనప జాలీ పరిచి, దాని మీద మూత ఉన్న బకెట్ పెట్టాను. బకెట్ పక్కగోడకు తల పట్టేంత కంత కోశాను, లోపలికి దిగలేవు, తల మాత్రం మునుగుతుంది. దాణా గిన్నె నాలుగడుగులు దూరం. రాత్రి గూట్లో దాణా ఉండదు, నీళ్లూ ఉండవు (నీళ్లు లేకుండా దాణా ఒక్కటే పెట్టడం మాత్రం వద్దు, గొంతుకు అడ్డం పడుతుంది). పొట్టు ఇప్పుడు పొడిగా ఉంటోంది. బురద పోలేదు, సగమైంది. బకెట్ రోజుకు రెండుసార్లు కడగాలి, ఆ నీళ్లు మొక్కలకు పోస్తాను, మొక్కలు బాగున్నాయి, నా నడుమే బాగాలేదు.

ఈ బాతులు మాకు పొదగలేదు, కాబట్టి నాలుగో ఏడు గుడ్లు కోడి కింద పెట్టాం. తన పిల్లలకు 21 రోజులు కూర్చునే కోడి 28 రోజులు కదలకుండా కూర్చుంది. ఆ పిల్లలకు కోడిపిల్లల దాణానే వేశాం, మళ్లీ అదే తప్పు. బాతుపిల్లకు నయాసిన్ అనే విటమిన్ కోడిపిల్లకంటే బాగా ఎక్కువ కావాలి, అది చాలక ఒకటి కాళ్లు నిలవక చతికిలబడింది, డాక్టర్ చెప్పినట్టు ఈస్ట్ కలిపి పెడితే లేచింది. నీళ్ల పళ్లెం కనబడగానే పిల్లలు దిగిపోవడం, ఒడ్డున కోడి గుండె పగిలేలా అరవడం సరే, కానీ ఆ వయసులో వాటి నూగుకు నూనె సరిగా పట్టదు, తడిసి వణుకుతుంటే తువ్వాలుతో తుడిచి దీపం కింద పెట్టింది నేను. కోడి చెప్పిందే రైటు.

ఇక అప్పట్లో నేను పొగిడినవి. బాతులు తెల్లారేలోపే గుడ్డు పెట్టేస్తాయన్నాను, అది ఇప్పటికీ నిజం, కోడిలా రోజూ కాస్త వెనక్కి జరిగి మధ్యాహ్నం దాకా ఎదురుచూడనివ్వవు. కాకపోతే ఆ గుడ్డు బురదలో ఉంటుంది, ఈకలు రాల్చే కాలంలో అసలు ఉండదు. నత్తల్ని ఏరి తింటాయన్నాను, తింటాయి, పనిలో పనిగా లేత నారు మీద నడిచి చాపలా అణిచేస్తాయి. పుంజులా కూయవు కాబట్టి నిశ్శబ్దం అన్నాను, మగబాతుది బొంగురు గుసగుస, అంతే, ఆడవాటి గోల సంగతి అప్పుడు నేను ఎందుకు దాచానో నాకే తెలియదు. కోళ్లు పొద్దుగూకగానే వాటంతటవే గూటికి చేరతాయి, బాతుల్ని మాత్రం రోజూ తోలాలి, అంటే చీకటిపడే వేళకి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఇదంతా కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలా అనిపించొచ్చు గానీ ఐదేళ్లు రోజూ చేస్తే చిన్న విషయం కాదు.

ఇన్ని అన్నాను కదా, వాన మొదలైన రోజు మాత్రం నా మాట మీద నేను నిలబడను. కోళ్లు చూరు కింద ముడుచుకుని మొహాలు మాడ్చుకుంటే, బాతులు వాన మధ్యకి వెళ్లి మెడలు చాచి రెక్కలు కొట్టుకుంటూ తిరుగుతాయి. కిటికీలోంచి అది చూడ్డానికి చేతిలో పని ఆపేసిన రోజులు చాలా ఉన్నాయి.

తెచ్చుకోవాలా వద్దా అంటే నేను చెప్పలేను. మా కుళాయి పెరట్లోనే ఉంది, నీళ్లు పోయేలా నేల వాలుగా ఉంది, నేను ఇంటినుంచే పని చేస్తాను. ఈ మూడిట్లో ఏ ఒక్కటి లేకపోయినా నేనైతే కోళ్లతో ఆగిపోయేదాన్ని. ఒక్క బాతును తెచ్చుకునే ఆలోచన ఉంటే మాత్రం అసలు వద్దు, ఆ గంప రాత్రి నాకింకా గుర్తుంది. మా ఇంట్లో ఓటింగ్ పెడితే ఇప్పటికీ బాతులే గెలుస్తాయి, బకెట్ కడిగేది నేనొక్కదాన్నే కాబట్టి.