రేకుల కప్పు కింద ఆర్‌వీ-6, హాల్ ఆఫ్ ఫేమ్ 2: మూడు వానాకాలాల వాడకం

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు చర్చిల్లో, భజన మందిరాల్లో, పందిళ్లలో ఈ రెండు రివర్బ్ పెడల్స్‌నీ (గిటారు సౌండుకు హాలు మోత కలిపే, కాలితో నొక్కే పెట్టెలు) మూడు వానాకాలాలు వాడాక రాస్తున్నది ఇది. ఒక్కటే కొనేవాళ్లు బాస్ ఆర్‌వీ-6 తీసుకోండి. టీసీ ఎలక్ట్రానిక్ హాల్ ఆఫ్ ఫేమ్ 2లో సదుపాయాలు ఎక్కువే, కానీ మన హాళ్లలో అవి పనికొచ్చేది కొద్దిమందికే.

సిమెంటు గచ్చు, నున్నటి గోడలు, పైన రేకులు ఉన్న హాల్లో చప్పట్లు కొట్టి చూడండి, మోత అక్కడే ఉంటుంది. దాని మీద పెడల్‌లో పెద్ద హాల్ పెడితే కార్డు (కలిపి మోగించే స్వరాలు) మారినా పాత కార్డు వినిపిస్తూనే ఉంటుంది, పాట మాటలు మునిగిపోతాయి. ఆర్‌వీ-6ని రూమ్ లేదా ప్లేట్ మోడ్ (మోత రకాలు) మీద ఉంచి, ఈ-లెవెల్ నాబ్ (మోత ఎంత) గడియారంలో 9 దగ్గర, టైమ్ (మోత ఎంతసేపు) 10 దగ్గర, టోన్ (పైస్థాయి ధ్వని ఎంత) 11 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. ఖాళీ హాల్లో సరిపోయిందనిపించిన మోత జనం కూర్చున్నాక తగ్గిపోతుంది, ఎందుకంటే ఒళ్లూ బట్టలూ పైస్థాయి ధ్వనిని పీల్చేస్తాయి. అప్పుడు ఈ-లెవెల్ కొద్దిగా పెంచితే చాలు, టైమ్ ముట్టుకోవద్దు. బయట పందిట్లో గోడలే ఉండవు కాబట్టి హాల్ మోడ్, టైమ్ 1 దాకా పెట్టినా బాగుంటుంది. వాన రేకుల మీద పడుతుంటే రివర్బ్ ఆపేయడమే మేలు.

హాల్ ఆఫ్ ఫేమ్ 2 గెలిచేది ఇక్కడే. దానిమీద ప్రీ-డిలే మీట ఉంది. దాన్ని పొడవు వైపు పెడితే తీగ మీటిన దెబ్బ ముందు స్పష్టంగా వచ్చి, మోత కాస్త ఆగి మొదలవుతుంది. ఆర్‌వీ-6లో ఇలాంటి మీట లేదు. హాల్ ఆఫ్ ఫేమ్ 2లో టోన్‌ప్రింట్లకు, అంటే ఫోన్ నుంచి ఎక్కించుకునే రివర్బ్ సెట్టింగులకు, 3 స్థానాలున్నాయి. ఫోన్ స్పీకర్‌ను గిటారు పికప్‌కు (తీగల కింద సౌండు పట్టే భాగం) ఆనించి ఎక్కించవచ్చు. గిటారు వాల్యూమ్ పూర్తిగా తిప్పాలి, ట్యూబులైటుకు దూరంగా ఉండాలి. లేకపోతే సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్ పట్టే హమ్ అనే గూంకారం వల్ల ఎక్కకపోవచ్చు. సిగ్నల్ లేని ఊరికి వెళ్లేముందే ఆ పని ముగించుకోండి.

షిమ్మర్ మోడ్ రెండింటిలోనూ ఉంది. మోతకు పై ఆక్టేవ్ (అదే స్వరం పైస్థాయిలో) కలుస్తుంది కనుక నిండు కార్డు వాయిస్తే గజిబిజి అవుతుంది. రెండు స్వరాలు పట్టి వదలండి, కీబోర్డు ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే సౌండు) మోగేటప్పుడు అసలు వద్దు. స్ప్రింగ్ మోడ్ రెండింటిలోనూ పర్వాలేదు. ఎలక్ట్రో-హార్మోనిక్స్ హోలీ గ్రెయిల్ నానో అనే రివర్బ్ పెడల్ గురించి అడిగేవాళ్లకు ఒక మాట: దానికి ఒకటే నాబ్, టోన్ నాబ్ లేదు. మన రేకుల హాళ్లలో తగ్గించాల్సింది ఆ పై చప్పుడే.

ఇక కాళ్లు. చెప్పులు బయట విడిచి వాయించే చోట్లు మనవి. ఆర్‌వీ-6 మీది వెడల్పాటి రబ్బరు పలక వట్టి పాదానికి హాయిగా ఉంటుంది. హాల్ ఆఫ్ ఫేమ్ 2ది చిన్న లోహపు బటన్. దాని మ్యాష్ సదుపాయం గట్టిగా నొక్కేకొద్దీ పనిచేసేది, వట్టికాలితో ఎక్కువసేపు నొక్కి ఉంచితే నొప్పి పుడుతుంది. దీనికంటే ముఖ్యం ఎర్త్. పాత వైరింగులో మూడో పిన్ ఉత్తుత్తిదే ఉంటుంది. తడి గచ్చు మీద వట్టికాలితో పెడల్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటే వెంటనే వాయించడం ఆపి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి. ప్లగ్ తిప్పి పెట్టి సర్దుకోవద్దు, అలా ప్రాణాలు పోతాయి.

కరెంటు లెక్క: ఆర్‌వీ-6కు 95 మిల్లీ ఆంపియర్లు, హాల్ ఆఫ్ ఫేమ్ 2కు 100. రెండూ 9 వోల్టులు, మధ్య ముల్లు మైనస్. కీబోర్డు అడాప్టర్లలో చాలావాటికి 12 వోల్టులు, మధ్యది ప్లస్. ప్లగ్ సరిపోయిందని అది పెడితే లోపలి రక్షణ డయోడ్ కాలిపోవచ్చు, ఇలా చచ్చిన పెడల్స్ చాలా ఉన్నాయి. ఒకే అడాప్టర్ నుంచి తీగలు చీల్చి ఓవర్‌డ్రైవ్ పెడల్‌కూ (సౌండును గరుకు చేసేది) రివర్బ్‌కూ ఇస్తే సన్నటి కీచు వినబడుతుంది. డిజిటల్ పెడల్ స్విచింగ్ రొద ఉమ్మడి గ్రౌండ్ గుండా ఓవర్‌డ్రైవ్‌లోకి చేరి పెరగడమే కారణం. విడివిడి ఐసోలేటెడ్ (ఒకదాని గ్రౌండ్ ఇంకోదానితో కలవని) అవుట్‌పుట్లున్న సప్లై తీసుకోండి.

ఆర్‌వీ-6 బఫర్డ్ బైపాస్ (ఆపి ఉంచినా సిగ్నల్‌కు బలమిచ్చి పంపేది) కాబట్టి దాని తర్వాత 10 మీటర్ల కేబుల్ వేసినా పైస్వరాలు నిలుస్తాయి. హాల్ ఆఫ్ ఫేమ్ 2లో వెనక పలక విప్పితే ట్రూ (సిగ్నల్‌ను నేరుగా వదిలేది), బఫర్డ్ ఎంచుకునే స్విచ్ ఉంది, పక్కనే కిల్-డ్రై (అసలు సౌండు ఆపి మోత మాత్రమే పంపేది) కూడా. మిక్సర్ ఆక్స్ (బయటి పరికరానికి సౌండు పంపే దారి) నుంచి రివర్బ్ ఇవ్వాలనుకుంటే ఈ కిల్-డ్రై కోసమే అది కొనవచ్చు. ఆక్స్ సెండ్ మాత్రం తక్కువ నుంచి మొదలుపెట్టాలి, లేకపోతే లైన్ స్థాయి (మిక్సర్ పంపే బలమైన సిగ్నల్) ఎక్కువై పెడల్ సౌండు చీలుతుంది.

వానాకాలంలో జాక్‌లకు పొర పడుతుంది, సౌండు తెగి తెగి వస్తుంది. నెలకోసారి ప్లగ్‌కు కాస్త కాంటాక్ట్ క్లీనర్ చల్లి పదిసార్లు దూర్చి తీయండి. నూనె స్ప్రేలు వద్దు, దుమ్ము పట్టి నాబ్‌లు బరబరమంటాయి. పాతది కొనేటప్పుడు గిటారు కలిపి ప్రతి నాబూ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పండి, జాక్‌లో ప్లగ్ అటూ ఇటూ కదపండి. అప్పుడు సౌండు తెగితే బేరం అక్కడితో ఆపండి.