క్యోటోలో కిమోనో కట్టేముందు ఒబి తేల్చుకోండి

క్యోటోలో కిమోనో అద్దెకు తీసుకునేవాళ్లు గంటసేపు బట్ట రంగు వెతికి, నడుముకు చుట్టే ఒబిని షాపువాళ్లకు వదిలేస్తారు. ముందు తేల్చుకోవాల్సింది ఒబినే. 'ఒక కిమోనోకు మూడు ఒబిలు' అని అక్కడ సామెత. ఒబి మారితే వేషం స్థాయే మారుతుంది.

కియోమిజు, గియోన్ చుట్టుపక్కల షాపుల్లో తక్కువ ధర ప్యాకేజీకి మామూలుగా హన్‌హబా అనే సన్నని ఒబి ఇస్తారు. వెడల్పు 15-17 సెంటీమీటర్లు, పొడవు మూడున్నర నుంచి నాలుగు మీటర్లు. మెట్ల వీధుల్లో తిరగడానికి ఇదే హాయి. వీపున దిండు ఉండదు, బరువూ తక్కువే. యుకతాకు, అంటే పల్చటి వేసవి కిమోనోకు కూడా ఇదే నప్పుతుంది. జూలైలో గియోన్ ఉత్సవపు సాయంత్రాలకు ఇంతకుమించి అక్కర్లేదు.

టీ వేడుకకో మంచి భోజనానికో వెళ్తుంటే నగోయా ఒబి అడగండి. దాదాపు 3.6 మీటర్లుంటుంది. వీపున ఒక పొర డోలులా నిలిచే ముడి వేస్తారు. పెళ్లికి మాత్రం ఇది చాలదు. నాలుగు మీటర్లు దాటిన ఫుకురో ఒబితో రెండు పొరల డోలు కట్టాలి. శుభం మళ్లీ మళ్లీ జరగాలని ఆ రెండో పొర. అందుకే చావు ఇంటికి వెళ్లేటప్పుడు ఒక్క పొరే కడతారు. రెండువైపులా జరీనేత ఉండే మారు ఒబి ఇప్పుడు ఎక్కువగా పెళ్లికూతుళ్లకే. అద్దె షాపులో దాన్ని అడగడం దండగ.

ముడి జారిందంటే చాలావరకు తప్పు ఒబిజిమేది, అంటే పైన బిగించే తాడుది. డోలును పట్టి ఉంచేది అదే. ముందువైపు ముడతలు పడితే లోపల పెట్టాల్సిన అట్ట మరిచారన్నమాట. సన్నని నడుముకు తువ్వాలు చుట్టకపోతే ఒబి నిలవదు. ఊపిరి బిగుసుకుంటే ముడి వేయకముందే చెప్పాలి, వేశాక సర్దడం కష్టం. బస్సులో వెనక్కి ఆనుకుంటే డోలు చప్పబడుతుంది. చాలా షాపులు సాయంత్రం ఐదారు గంటలకే బట్టలు తిరిగి అడుగుతాయి. రాత్రి తిరగాలంటే మర్నాడు ఇచ్చే వీలుందా అని ముందే కనుక్కోండి.

కొనాలనుకుంటే మొదట హొరికవా-ఇమదెగవా కూడలి దగ్గరి నిషిజిన్ నేత కేంద్రానికి వెళ్లండి. మంచి నేత ఎలా ఉంటుందో కంటికి తెలుస్తుంది. తరవాతే పాతబట్టల సంతలు: ప్రతి నెలా 21న తోజి గుడి దగ్గర, 25న కితానో తెన్మంగూ గుడి దగ్గర. అక్కడ ఒబిని పూర్తిగా విప్పించి చూడాలి. 'రొకుత్సూ' రకంలో డిజైన్ అరవై శాతం మేరే ఉంటుంది, చుట్టులో దాగే భాగం సాదాగా వదిలేస్తారు. నడుము కాస్త లావైతే ఆ సాదా భాగం పక్కన బయటపడుతుంది. పాత నగోయా ఒబిలు పొట్టివి, కొలిచి తీసుకోండి. మడతల దగ్గర మరకలు, ముక్కిన వాసన చూడకుండా డబ్బివ్వొద్దు.

ఒబి సొంతంగా కట్టడం నేర్చుకోవాలంటే క్యోటో హోటల్ కంటే వేడినీటి బుగ్గల ఊరు కినోసాకి ఒన్‌సెన్‌లోని ర్యోకాన్ (సంప్రదాయ బస) మేలు. ఎక్స్‌ప్రెస్ రైల్లో దాదాపు రెండున్నర గంటలు. ఊళ్లో ఏడు స్నానశాలలు, అందరూ యుకతాలోనే వీధుల్లో తిరుగుతారు. యుకతా ఎడమ అంచు పైకి రావాలి; కుడి అంచు పైకొస్తే అది శవానికి కట్టే పద్ధతి. ఆడవాళ్లు నడుము దగ్గర, మగవాళ్లు తుంటి మీదికి దించి కడతారు. ప్రతి స్నానం తరవాత మళ్లీ కట్టాల్సిందే కాబట్టి 'కై నో కుచి' ముడి నేర్చుకోండి. చదునుగా ఉంటుంది, వెనక్కి ఆనుకున్నా పాడవదు.