మేరీల్యాండ్ పిస్తోలు కొనుగోలు: గడువుకు ముందా, తర్వాతా?

2013 అక్టోబర్ 1 నుంచి అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్ర చట్టం పిస్తోలు కొనడానికే కాదు, చేతికి తీసుకోవడానికీ అర్హత లైసెన్సు అడిగింది. ముందే డబ్బు కట్టినవాళ్ల కంగారు అక్కడే మొదలైంది.

ఆ గడువుకు ముందే 77ఆర్ (పిస్తోలు కొనుగోలుకు పెట్టే రాష్ట్ర దరఖాస్తు ఫారం) పెట్టినవారికి ఆ లైసెన్సు అక్కర్లేకపోయింది. 7 రోజుల నిరీక్షణ సరిపోయింది. అప్పట్లో అడ్వాన్సు రసీదు కాదు, తేదీ ఉన్న ఫారం నకలే గట్టి ఆధారం.

తర్వాత కొనేవారి దారి పొడవు: లైసెన్సుకు కనీసం 21 ఏళ్ల వయసు, వేలిముద్రలు, 4 గంటల శిక్షణ (ఒక్క తూటా అయినా కాల్చాలి), 50 డాలర్ల ఫీజు, నిర్ణయానికి 30 రోజుల దాకా. ఇప్పటికే రిజిస్టరైన పిస్తోలు ఉంటే శిక్షణ మినహాయింపు ఉంది, వేలిముద్రలకు లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే: లైసెన్సు వచ్చినా ప్రతి కొనుగోలుకూ 77ఆర్, ఆ 7 రోజులు తప్పవు.