ముందు సాదా దోసె చెప్పండి: కడప పాత బస్టాండు దగ్గరి బండి

నైట్ డ్యూటీ ముగించుకుని ఆసుపత్రి నుంచి షేర్ ఆటోలో పాత బస్టాండు దగ్గర దిగేసరికి ఆరుంబావు అవుతుంది. అప్పటికే ఆ సందు మొదట్లో కాలిన పెనం మీద నీళ్లు చిలకరించిన చప్పుడు వినపడుతుంటుంది. బండికి పేరు లేదు, బోర్డు లేదు. తల్లి దోసెలు పోస్తుంది, కొడుకు పొట్లాలు కడతాడు. మూడేళ్లుగా వారానికి రెండుసార్లయినా అక్కడ తింటున్నాను కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

కడపకు వచ్చినవాళ్లు అందరూ కారం దోసె అడుగుతారు. నేను మాత్రం కొత్త చోటికి పోతే ముందు సాదా దోసె చెప్తాను. ఎర్రకారం ఎంత తప్పునైనా కప్పేస్తుంది. నిన్నటి పిండి పులిసి వాసనొస్తున్నా, పైన తెల్లగడ్డ ఘాటు, నెయ్యి, పప్పుల పొడి పడితే నాలుకకు తెలీదు. కడుపుకు తెలుస్తుంది. ఊళ్లోనే ఒక పెద్ద హోటల్లో కారం దోసె తిని, ఆ రాత్రి డ్యూటీ అంతా పుల్లటి తేన్పులతో గడిపాను. ఇంకోసారి అక్కడే సాదా దోసె తిని చూస్తే సోడా ఉప్పు రుచి నాలుకకు తగిలింది.

ఈ అక్క పిండి వేరు. అడిగితే దాచుకోకుండా చెప్పింది. నాలుగు పాళ్లు బియ్యానికి ఒక పాలు ఉద్దిపప్పు, కాసిని మెంతులు, గుప్పెడు అటుకులు. ఉద్దిపప్పు విడిగా, నురుగెత్తేదాకా రుబ్బుతుంది. బియ్యం కొంచెం రవ్వగా ఉండగానే తీసేస్తుంది. అసలు పనితనం ఎండాకాలంలో చూడాలి. మే నెలలో మాకు 43, 44 డిగ్రీల ఎండ మామూలే, రాత్రిళ్లు కూడా గోడలు సెగలు కక్కుతాయి. సాయంత్రం రుబ్బి పెడితే తెల్లారేసరికి పిండి పొంగి, మళ్లీ దిగిపోయి, పైన నీళ్లు తేలుతుంది. అందుకని ఏప్రిల్ వచ్చిందంటే ఆమె రాత్రి పదకొండుకు రుబ్బుతుంది.

"డిసెంబర్లో అయితే మూడింటికే రుబ్బి, గిన్నెకు గోనెసంచి చుట్టి పెడ్తా సిస్టరమ్మా. చలికి పిండి లేవదు" అంది.

పిండిని పొంగించేది అందులో పెరిగే సూక్ష్మజీవులని, వేడికి అవి జోరందుకుంటాయని నేను పుస్తకంలో చదువుకున్నాను. ఆమె గిన్నె మీద చెయ్యి పెట్టి, ఇంకో గంట పడుతుందో లేదో చెప్పేస్తుంది.

ఆ సాదా దోసె అంచున కరకర, నడిమిన మెత్తన. ఒళ్లంతా సన్నటి కన్నాలు. పులుపు చివర్లో ఒక్కసారి తగిలి పోతుంది. చట్నీ లేకుండానే సగం అయిపోతుంది.

ఇక కారం దోసె. ఎండుమిరపకాయలు వేణ్నీళ్లలో నానబెట్టి ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉప్పు వేసి నూరుతుంది. రంగుకు కొన్ని బ్యాడిగి కాయలు కలుపుతుంది. దోసె పైతడి ఆరేదాకా ఆగి అప్పుడు పూస్తుంది. పచ్చిమీద పూస్తే కారం పిండిలో కలిసి ముద్దయిపోతుందట. దానిమీద పప్పుల పొడి, చెంచా నెయ్యి, ఒక్క మడత. తిప్పి కాల్చదు. మొదటి ముక్కకు చెవులు వేడెక్కుతాయి, రెండో ముక్కకు పప్పుల పొడి కమ్మదనం వచ్చి సర్దుతుంది. పక్కన బొంబాయి చట్నీ ఉంటే చాలు. చెనిక్కాయల చట్నీ కూడా పెడుతుంది గానీ, ఎనిమిది దాటాక దాంట్లో నీళ్లు ఎక్కువవుతాయి. ఆమెకు ఈ మాట మొహం మీదే చెప్పాను.

సాదా 25 రూపాయలు, కారం 40. కూర్చోవడానికి రెండు ప్లాస్టిక్ స్టూళ్లే, అవీ ముసలివాళ్లకే. చేతులు కడుక్కోను డ్రమ్ములో నీళ్లున్నాయి. తాగే నీళ్లు మాత్రం వెంట తెచ్చుకోండి.

నాకు ఎప్పటికీ నచ్చనిది ఒకటుంది. ప్లేటు మీద ప్లాస్టిక్ కవరు పరిచి, పొగలు కక్కే దోసె దాని మీదే వేస్తారు. ప్లేట్లు కడగడానికి నీళ్లు చాలవని కొడుకు అంటాడు. అది నిజమే, అయినా అంత వేడిది ప్లాస్టిక్ మీద తినడానికి నాకు మనసొప్పదు. ఇప్పుడు బ్యాగులో స్టీలు గిన్నె పెట్టుకుని పోతున్నాను. నన్ను చూడగానే ఆ అబ్బాయే చెయ్యి చాపి "గిన్నె ఇయ్యక్కా" అంటున్నాడు. పోయిన వారం నా వెనక నిలబడిన ఇద్దరు కూడా టిఫిన్ బాక్సులు తెచ్చారు.

తొమ్మిదిన్నరకు పిండి అయిపోతుంది. ఆ తర్వాత పోతే బోర్లించిన గిన్నె, కడిగిన పెనం కనపడతాయి.