కడియం నర్సరీల్లో రంగుల మొక్కలు: ఏం కొనాలి, ఎలా తెచ్చుకోవాలి

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు హైవే ఎక్కితే వేమగిరి, కడియపులంక, బుర్రిలంక చుట్టుపక్కల ఎటు చూసినా నర్సరీలే. కాగితం పూలు, క్రోటన్లు, మందారాల్లో ఇన్ని రంగులు ఒక్కచోట దొరకడం అరుదు. రకాలకు వంక పెట్టలేం. మట్టికి మాత్రం పెట్టాలి.

కాగితం పూల మొక్క జనవరి, మార్చి మధ్య పూత మీద ఉన్నప్పుడే కొనండి. వానల్లో ఆకే ఎక్కువ, ఏ రంగు అంటగట్టినా తెలీదు. మేరీ పామర్ అనే రకం తప్పక అడగండి, ఒకే మొక్కకు తెలుపూ రాణీరంగూ రెండూ పూస్తాయి. ముద్దరకం మహారా కళ్లు చెదిరేలా ఉంటుంది కానీ ఎండిన గుత్తులు రాలవు, కొమ్మలకే వేలాడతాయి. కత్తెర పట్టే ఓపిక లేకపోతే వద్దు. ఒకే మొదలుకు నాలుగు రంగులు కట్టిన అంట్లు కూడా అమ్ముతారు. జోరుగా పెరిగే రంగు మిగతావాటిని తొక్కేస్తుంది. అంటు కింద నుంచి వచ్చే పిలకలు తుంచకపోతే డబ్బు దండగ.

క్రోటన్ రంగు చిగురులో చూడకూడదు. పెట్రా రకం లేతాకు పసుపూ ఆకుపచ్చా, ముదిరాకే ఎరుపు తేలుతుంది, కాబట్టి కింది ఆకులు చూడండి. షేడ్ నెట్ కింద పెరిగిందైతే వారం పది రోజులు పొద్దుటి ఎండే చూపించాలి. నేరుగా మేడ మీద పెడితే ఆకు మాడుతుంది. తెచ్చిన కొత్తలో నాలుగు ఆకులు రాల్చడం మామూలే. కంగారుపడి నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది.

ఇక మట్టి. కవర్లో చాలావరకు బంకమట్టి ముద్దే ఉంటుంది. అలాగే కుండీలో దించితే ఎండకు రాయిలా బిగుసుకుని, పోసిన నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. పైన తడి, లోపల వేరుకు దాహం. క్రోటన్, మందారం అయితే బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి సగం మట్టి వదిలించండి. కాగితం పూలకు ఈ పని చేశారో, మొక్క చచ్చిందే! దాని వేర్లు పెళుసు. కవరు కోసి, ముద్ద చెదరకుండా అంచులు మాత్రం పుల్లతో గీరి నాటాలి. 12 అంగుళాల కుండీకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు సరిపోతాయి. ఆరు గంటల ఎండ ఉండాలి. పై రెండంగుళాలు ఆరాకే నీళ్లు. యూరియా వేస్తే ఆకే తప్ప పూత రాదు.

జనవరి ఒకటికి మొక్కలతో బొమ్మలు పేరుస్తారు. చూడ్డానికి బాగుంటుంది, కొనడానికి మాత్రం ఆ రోజు వెళ్లకండి, పలికే నాథుడుండడు. పెద్ద నర్సరీలు టోకు బేరాల మీదే ఉంటాయి. రెండు మూడు మొక్కలకైతే రోడ్డు పక్క చిన్నవాళ్లే నయం, ఎంచుకోనిస్తారు. ఓపెన్ ఆటోలో తెస్తే మాత్రం తడిగోనె కప్పండి, గాలికి చిగుళ్లు వాడిపోతాయి.